మోసే బరువుకు లెక్క ఉంది, మోసే మనిషికి లేదు

మురమళ్ళ: ఈ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం గుర్తుకు వస్తుంది. అయితే కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగా సాగుతుండడంతో మురమళ్ళ సరుకుల దారి కూడా అయింది. ఎదుర్లంక-యానాం బాలయోగి వారధి దాటి కాకినాడ వైపు నుంచి వచ్చే లారీలు, కోనసీమ కొబ్బరి ఎత్తుకుని బయటికి పోయే లారీలు రాత్రింబగళ్లు ఈ దారినే తిరుగుతుంటాయి.

ఆ సరుకును ఎత్తి, దించి, గుమ్మం దాకా చేర్చే వారి బతుకు మాత్రం ఏ పద్దులోనూ సరిగా చేరడం లేదు. గోదాములో హమాలీకి బస్తా లెక్క, కొబ్బరి రాశి దగ్గర కూలీకి వెయ్యి కాయల లెక్క, ఇంటింటికీ తిరిగే కుర్రవాడికి పార్శిలు లెక్క. వీరిలో నెల జీతం అందుకునేవారు అరుదు. పని సాగినన్నాళ్లూ చేయించేవారు పలువురు కనిపిస్తారు. నడుము పట్టేసిన నాడు, బండి జారి కాలు విరిగిన నాడు బాధ్యత ఎవరిదంటే జవాబు చెప్పేవారు కనిపించరు.

పూటలో పాతిక బస్తాలు

రేషను బియ్యం కార్డుదారుడి సంచిలో పడేలోగా ఎన్ని భుజాలు మారుతుందో చాలామందికి తెలియదు. మిల్లులో లారీకెక్కిన బస్తా పౌరసరఫరాల సంస్థ గోదాములో దిగుతుంది. అక్కడి నుంచి మండల స్థాయి స్టాకు పాయింటుకు, మళ్లీ అక్కడి నుంచి చౌకధరల దుకాణానికి పోతుంది. ప్రతి మజిలీలోనూ ఒకసారి దించాలి, లాటు పేర్చాలి, తిరిగి ఎత్తాలి. నెల మొదట్లో దుకాణాలు తెరిచే సమయానికి సరుకు చేరవలసి ఉండడంతో అంతకు ముందు రోజుల్లో పని తెగదు.

బస్తా 50 కిలోలు. పది టన్నుల లారీలో 200 బస్తాలు ఉంటాయి. ఎనిమిది మంది జట్టు ఆ లారీని దించితే మనిషికి 25 బస్తాలు, అంటే 1,250 కిలోలు. అదే సరుకును అదే జట్టు తిరిగి బండ్లకెక్కిస్తే ఆ బరువు రెట్టింపవుతుంది. లాటు ఎత్తు పెరిగేకొద్దీ బస్తాతో మెట్లెక్కినట్టు పైకెక్కి వేయాలి. వేసవిలో రేకుల కప్పు కింద ఉక్కపోత, వానాకాలంలో జారుడు నేల, ఎప్పుడూ ఎగిరే దుమ్ము. క్వింటాలుకు ఇంత అని కట్టిన రేటును జట్టులోని వారందరూ పంచుకుంటారు. లారీ రాని రోజున పంచుకోవడానికి ఏమీ ఉండదు.

మనిషి మోసే బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. బియ్యం బస్తా ఆ హద్దుకు లోపలే ఉంది. గోదావరి జిల్లాల రైతులు ధాన్యం బస్తా అంటే మాత్రం ఇప్పటికీ 75 కిలోల లెక్కే చెబుతారు. అయినా అసలు చిక్కు ఒక్క బస్తా బరువుతో లేదు. రోజుకు ఎన్నిసార్లు ఎత్తాలో, ఎన్నేళ్లు ఎత్తాలో చెప్పే హద్దు లేకపోవడమే చిక్కు. యాభై ఏళ్లకే మెడ, మోకాళ్లు అరిగి పనికి దూరమైన వారికి ఆ తరువాత ఇల్లు గడిచే దారి ఉండదు.

ఈ కష్టం చట్టానికి తెలియనిది కాదు. మహారాష్ట్రలో మాథాడీ కార్మికుల చట్టం 1969లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పని నియంత్రణ, సంక్షేమం కోసం 1976లో చట్టం చేశారు. ముఠా, జట్టు అనే మన ఊళ్ల మాటలు చట్టం పేరులోకెక్కాయి. సంక్షేమ బోర్డు కోసం హమాలీ సంఘాలు మాత్రం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి.

బండి యజమాని అన్నారు

ఇంటి వద్దకే రేషను అని 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతటా కొత్త ఏర్పాటు మొదలైంది. 9,260 వాహనాలను నిరుద్యోగ యువకులకు ఇచ్చారు. బండి ఖరీదు సుమారు రూ.5.81 లక్షలు. అందులో 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు రుణం, మిగిలిన 10 శాతం యువకుడి వాటా. మొదట నెలకు రూ.16,000 అన్నారు. చాలదని ఆందోళనలు రావడంతో ఆ నెలలోనే రూ.21,000కు పెంచారు. అందులో బండి అద్దె రూ.13,000, సహాయకుడికి రూ.5,000, పెట్రోలుకు రూ.3,000.

కాగితం మీద ఆ యువకుడు బండికి యజమాని. చేసే పని చూస్తే డ్రైవరు, కాటా వేసేవాడు, వేలిముద్ర తీసుకునేవాడు, డబ్బుకు జవాబుదారు, అవసరమైతే బస్తా మోసే హమాలీ కూడా అతడే. సర్వరు మొరాయిస్తే ఇంటి ముందు జనం నిలదీసేది అతడినే. బండి చెడితే బాగు చేయించుకునే భారం కూడా అతడిదే. పని ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో నిర్ణయించేది మాత్రం వేరొకరు.

2025 జూన్ 1 నుంచి ఈ బండ్లు ఆగిపోయాయి. బియ్యం దారి మళ్లుతోందని, అందరికీ సక్రమంగా అందడం లేదని ప్రభుత్వం కారణం చెప్పింది. పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకు వెళ్లింది. 65 ఏళ్లు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు ఇంటికే చేర్చే పని డీలర్లపై పడింది. బండ్లను యువకులకే వదిలివేస్తామని ప్రకటించారు. ఈ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎలా ఉన్నా, నాలుగేళ్లకు పైగా ఆ పని మీదే కుటుంబాన్ని నడిపిన వారికి ఒక్క నెలలో ఆదాయం పోయింది. సహాయకుడికి చేతిలో బండి కూడా మిగలలేదు.

పార్శిలు కుర్రవాడి దినచర్య

ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదివిన కుర్రవాళ్లు ఎక్కువగా పార్శిళ్ల పనిలో చేరుతున్నారు. పొద్దున్నే పార్శిళ్లు దిగే చోటుకు పోయి, తమ ఊళ్లవి ఏరుకుని, పెద్ద సంచిలో కుక్కుకుని బయలుదేరాలి. బండి తనది, పెట్రోలు తనది, ఫోను తనది. కొబ్బరి తోటల నడుమ ఇళ్లకు నంబర్లు చూసి పోవడం కుదరదు. ఇంటిపేరు, చెరువు గట్టు, రావిచెట్టు అడుగుతూ పోవాలి. కాలవ గట్టు మీద వాన పడితే బండి నిలవదు. గౌతమికి వరద వస్తే లంకల్లోకి పడవే దిక్కు. 2022 జూలై వరదల్లో గోదావరి లంకల జనం తిండికీ మందులకూ పడవల మీదే ఆధారపడవలసి వచ్చింది.

ఇల్లు తాళం వేసి ఉన్నా, సరుకు వద్దని తిప్పి పంపినా తిరిగిన దూరం వృథా. వస్తువు ఇచ్చాక డబ్బు తీసుకునే పార్శిళ్లయితే సాయంత్రం పైసాతో సహా అప్పజెప్పాలి. తక్కువైతే చేతి నుంచి పెట్టుకోవాలి. ఆలస్యమైందని కసిరేవారు ఉన్నారు, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపేవారూ ఉన్నారు.

2020-21లో ఇటువంటి గిగ్ పనివారు దేశంలో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చింది. గిగ్ కార్మికుడు అనే మాటకు చట్టంలో చోటు దక్కింది ఈ కోడ్‌తోనే. పని పంచే కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు కార్మికుల నిధికి చెల్లించాలని అందులో ఉంది. ఆ మొత్తం కార్మికులకు చెల్లించే సొమ్ములో 5 శాతానికి మించనక్కర లేదు.

పల్లెల్లో చిక్కు ఇక్కడే వస్తోంది. చాలాచోట్ల కంపెనీకి, కుర్రవాడికి మధ్య స్థానిక కాంట్రాక్టరు ఉంటాడు. కాగితం రాసుకోరు, గుర్తింపు కార్డు ఉండదు. రేపు ప్రమాదం జరిగితే ఎవరి దగ్గర పని చేశాడో రుజువు చేసుకోవడమే కష్టం.

చేయదగిన పనులు

అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ తెరిచింది. 16 నుంచి 59 ఏళ్ల వారు ఆధార్‌తో అందులో పేరు నమోదు చేసుకుని 12 అంకెల నంబరు పొందవచ్చు. హమాలీలు, పార్శిలు కుర్రవాళ్లు కూడా ఇందుకు అర్హులే. ఏ రోజు ఎన్ని బస్తాలు ఎత్తారో, ఎన్ని పార్శిళ్లు ఇచ్చారో, ఎంత సొమ్ము అందిందో ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవడం కూడా అవసరం. పరిహారం అడగవలసి వచ్చిన నాడు అక్కరకు వచ్చేది ఆ రాతే.

గోదాముల వద్ద తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, నీడ, మరుగుదొడ్డి ఉండేలా చూడడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కార్మిక శాఖ అధికారులు మండలాలవారీగా శిబిరాలు పెట్టి, కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారి పేర్లు నమోదు చేయిస్తే వందలాది కుటుంబాలకు ఆసరా దొరుకుతుంది. కొత్త కోడ్ ఫలం పట్టణాల దగ్గరే ఆగిపోకుండా గౌతమి ఒడ్డు పల్లెల దాకా అందేలా అధికారులు వెంటనే చొరవ చూపవలసి ఉంది.