చేపల వేటకు పడవ లంగరు: ఎన్నుకొనుట, వేయుట, తీయుట

ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతముల రైతు సోదరులలో కొందరు సేద్యపు పనులు తెరపి ఇచ్చినప్పుడు చేపల వేటకు పోవుదురు. వక్కిలేరులోను, కుందూ నదిలోను నీరు తగ్గినప్పుడు గట్టున నిలిచి గాలము వేసినను, చేతివల విసరినను సరిపోవును. వెలుగోడు జలాశయమునకో, అవుకు జలాశయమునకో, శ్రీశైలం నిలువనీటికో పోయినప్పుడు మాత్రము పుట్టి గాని పడవ గాని కావలెను. పడవ ఎక్కినవానికి లంగరు కావలెను.

తెడ్డు వేయుట అందరును శ్రద్ధగా నేర్చుకొందురు. లంగరు సంగతి అడిగి తెలిసికొనువారు తక్కువ. "బరువైన రాయికి తాడు కట్టి నీటిలో పడవేసిన చాలదా?" అని అడుగువారే ఎక్కువ. ఈ మాటలో సగము మాత్రమే నిజము. మిగిలిన సగము తెలియనందువలన వేట చెడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వచ్చును. ఆ మిగిలిన సగమును గురించియే ఈ వ్యాసము.

లంగరు వలన ప్రయోజనము

బొచ్చె పైనీటిలో మేయును. రోహు నడినీటిలో తిరుగును. మృగాల అడుగున బురదను వెదకును. కనుక ఏ చేపను కోరిన ఆ లోతున ఎర నిలువవలెను. పడవ గాలికి కొట్టుకొనిపోవుచున్నచో ఎర లేచిపోవును, తాడు వాలిపోవును, చేప తాకినది కూడ చేతికి తెలియదు. పడవ నిలిచిననే ఎర నిలుచును.

పట్టు ఎక్కడ నుండి వచ్చును?

ఇనుప నాగలితో దున్నిన రైతుకు ఈ విషయము వేరుగా బోధింప పనిలేదు. నాగలికి కట్టిన గొలుసు పొట్టిదైనచో ఎద్దుల లాగుడు పైకి మళ్ళి కర్రు లేచివచ్చును. చాలు లోతు తగ్గును. గొలుసు పొడిగించినచో లాగుడు నేలకు దగ్గరై కర్రు దిగును. లంగరు కూడ నీటి అడుగున దిగవలసిన కర్రు వంటిదే. తాడు నేలబారుగా లాగినచో అది మట్టిలో దిగును. తాడు నిట్టనిలువుగా లాగినచో ఎంత మంచి లంగరైనను ఊడివచ్చును. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్ 1933లో పేటెంటు పొందిన లంగరు నాగలి కర్రు ఆకారముననే ఉండును. దానిని ఇప్పటికిని నాగలి లంగరు అనియే పిలుచుచున్నారు.

కాబట్టి పట్టును నిర్ణయించునది మొదట తాడు పొడవు. బరువు ఆ తరువాతిది. దీనికి లెక్క సులభము. నీటి లోతునకు, నీటి మట్టము నుండి పడవపై తాడు కట్టిన చోటి వరకు గల ఎత్తును కలుపుడు. నీరు 9 అడుగులు, ఎత్తు 1 అడుగు అయినచో మొత్తము 10 అడుగులు. ఇప్పుడు తాడు బిగిసినప్పుడు నేలతో ఏర్పడు వాలు ఈ విధముగ ఉండును:

20 అడుగుల తాడు వదలిన 30 డిగ్రీలు.
30 అడుగులు వదలిన సుమారు 19 డిగ్రీలు.
50 అడుగులు వదలిన సుమారు 11.5 డిగ్రీలు.
70 అడుగులు వదలిన సుమారు 8 డిగ్రీలు.

గాలి లేని నిలువనీటిలో, మీరు పడవలోనే మెలకువగా ఉన్నంతసేపు 3 రెట్లు తాడు చాలును. కొద్దిపాటి ప్రవాహమునకు, మామూలు గాలికి 5 రెట్లు వదలవలెను. గట్టిగాలికి 7 రెట్లు కావలెను. అట్టి గాలిలో చిన్న పడవతో వేట మాని గట్టు చేరుట ఇంకను మంచిది.

ఈ లెక్క వలన మరియొక సంగతి తేలును. 50 అడుగుల లోతున 5 రెట్లనగా 250 అడుగుల తాడు. అంత తాడు చిన్న పడవలో ఎవరును పెట్టుకొనరు. కనుక లోతునీటిలో లంగరు వేయు ఆలోచన మాని, 10 నుండి 15 అడుగుల లోతు గల అంచు ప్రదేశములను ఎన్నుకొనవలెను.

లంగరులలో రకములు

రాయి: మిక్కిలి చౌక. శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డలో రాతికి తొలి వేయుట ఏమంత పనికాదు. అయితే రాయి తన బరువుతో మాత్రమే నిలుచును, నేలలో దిగదు. పైగా నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికగును. 10 కిలోల రాయి నీటిలో 6 కిలోల పైచిలుకు మాత్రమే తూగును. సిమెంటు ముద్ద ఇంకను తక్కువ తూగును. 10 కిలోల ఇనుము సుమారు 8.7 కిలోలు తూగును. నిలువనీటిలో పుట్టికి 10, 12 కిలోల రాయి పనికివచ్చును గాని ప్రవాహములో దానిని నమ్మరాదు.

కొక్కెముల లంగరు: నాలుగైదు ఇనుప కొక్కెములు గల ఈ లంగరు రాళ్ల సందులలోను, మునిగిన మొద్దులలోను తగులుకొని నిలుచును. మెత్తని ఒండ్రులో మాత్రము గొర్రు పళ్లవలె గీసికొనుచు జారిపోవును. పుట్టికి ఒకటిన్నర, రెండు కిలోలది, 12 నుండి 15 అడుగుల పడవకు 4 నుండి 6 కిలోలది తగును.

పలకల లంగరు: రెండు వెడల్పు పలకలు ఇరుసుపై వాలునట్లు దీనిని చేయుదురు. ఇసుకలోను, ఒండ్రులోను దీనికి సాటి లేదు. బరువు తక్కువైనను లోతుగా దిగును. నల్లరేగడి బంకమన్నులో ఒక చిక్కు గలదు. గుంటకకు మన్ను అంటుకొన్నట్లే ఈ పలకలకును బంక పట్టి, రెండవసారి వేసినప్పుడు దిగనీయదు. తీసిన ప్రతిసారి కడిగి మరల వేయవలెను.

నాపరాతి పరపుపై ఏ లంగరును సరిగా పట్టదు. సిమెంటు లైనింగు గల కాలువలోను అంతే. కాలువలో ప్రవాహ వేగము కూడ హెచ్చు. అట్టి చోట్ల పడవ దింపుటయే తగదు.

అడుగున ఏమున్నదో తెలియుటకు ఉపాయము గలదు. సన్నని తాడుకు గుండు కట్టి, బారకొక ముడి వేసికొనుడు. బార అనగా సుమారు 6 అడుగులు. గుండు అడుగున కొద్దిగా కొవ్వు గాని గట్టి గ్రీజు గాని పూసి దింపినచో లోతు తెలియును; ఇసుకయో బంకమన్నో దానికి అంటి వచ్చును. ఏమియు అంటక టక్కుమని తగిలినచో రాతినేల అని గ్రహింపవలెను.

తాడు, గొలుసు

నైలాను తాడు శ్రేష్ఠము. అది కొద్దిగా సాగును గనుక అలల ఊపు లంగరుపై ఒక్కసారిగా పడదు. నీటిపై తేలు ప్లాస్టికు తాడు దీనికి పనికిరాదు. అది తేలి వాలును చెరచును. ఇతర పడవల ఇంజను రెక్కలకు చుట్టుకొనును. చేతికి పట్టు దొరకుటకు 10 నుండి 12 మిల్లీమీటర్ల మందము ఉండవలెను.

పడవ లంగరునకు, తాడునకు నడుమ 6 నుండి 10 అడుగుల ఇనుప గొలుసు చేర్చినచో రెండు లాభములు గలవు. గొలుసు బరువునకు తాడు కొస నేలబారుగా పడుకొనును. రాళ్ల ఒరిపిడికి తాడు తెగకుండును.

పడవకు కట్టు చోటు

ఇది అన్నిటికంటె ముఖ్యము. తాడును పడవ ముక్కునకు, అనగా ముందు కొసకే కట్టవలెను. ముక్కు ఎత్తుగాను, కోసుగాను ఉండి నీటిని చీల్చును. వెనుక కొస తగ్గుగాను, వెడల్పుగాను ఉండును; మనిషి, ఇంజను, సామానుల బరువు కూడ అక్కడనే ఉండును. వెనుక కట్టినచో అల నేరుగా పడవలో పడును. ప్రక్కకు కట్టినచో ప్రవాహము పడవను బోర్లించును.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక చెరువులో, చేతికి అందుబాటుగా ఉండునని వెనుక కొసకే తాడు కట్టితిని. గంటసేపు ఏమియు కాలేదు. పిమ్మట గాలి లేచెను. మూడవ అలకు మోకాలి వరకు నీరు నిండెను. తాడు బిగిసి ముడి ఊడలేదు. నాతో ఉన్న పెద్దాయన మొలలోని కొడవలితో తాడు కోయుట వలన గట్టు చేరితిమి. ఆనాటి నుండి కత్తి లేక నేను పడవ ఎక్కలేదు.

ప్రవాహ వేగము రెట్టింపైనచో పడవపై నీటి ఒత్తిడి నాలుగు రెట్లగును. ఉదయము నిమ్మళముగా ఉన్న పడవ, పైనుండి నీరు వదలిన పిమ్మట అట్లే ఉండునని తలంపరాదు.

కట్టు చోటు గట్టిదై ఉండవలెను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన పడవను లంగరులతోను, ఇనుప మోకులతోను వెలికిలాగు పనిలో ఒక పర్యాయము లంగరుకు చిక్కిన రైలింగు మాత్రమే ఊడివచ్చెను. పడవ అక్టోబరు 22న బయటపడెను. పట్టు ఎంత బలమైనదైనను అది తగిలిన చోటు బలహీనమైనచో ఫలితము లేదు. కనుక కమ్మికి, బల్లకు కట్టక, పడవ ఎముక వంటి దూలమునకు కట్టుడు.

పుట్టికి ముందు వెనుకలు లేవు. మూడు నాలుగు వెదురు బద్దలను కలిపి తాడు కట్టి, మీరు దానికి ఎదుటి ప్రక్క కూర్చుండవలెను. లాగుడుకు వంగు అంచు మీ బరువుతో సరితూగును. ప్రవాహము గల నీటిలో పుట్టికి లంగరు వేయనే రాదు.

వేయు విధానము

1. వేట చోటునకు ఎగువన, గాలి వచ్చు దిక్కుగా పోవుడు. లోతు కొలువుడు.
2. తాడు చిక్కు లేకుండ చుట్టి పెట్టుడు. చుట్టలో కాలు పెట్టరాదు.
3. లంగరును విసరక, చేతితో మెల్లగా దింపుడు. విసరినచో గొలుసు దానికే చుట్టుకొనును, పడవయు ఊగును.
4. అడుగు తాకిన పిమ్మట పడవను వెనుకకు పోనిచ్చుచు తాడు వదలుడు.
5. తగినంత వదలిన తరువాత తాడు పట్టి నిదానముగా లాగి చూడుడు. లంగరు దిగినచో తాడు బిగిసి నిలుచును. జారుచున్నచో అదురుచు, గీరుచున్నట్లు చేతికి తెలియును.
6. ఒక లాగునకు ఊడునట్టి జారుముడితో కట్టుడు.
7. గట్టుపై ఒకదాని వెనుక ఒకటిగా కనబడు రెండు గురుతులు, చెట్టు, గుడి వంటివి, పడవకు ప్రక్కగా ఉన్నవి చూచుకొనుడు. కొంతసేపటికి అవి ఎడబాసి, ఆ ఎడము పెరుగుచునే ఉన్నచో లంగరు జారుచున్నదని అర్థము.

నీటిమట్టము మారుచుండును

శ్రీశైలం జలాశయపు నిండు మట్టము 885 అడుగులు. వేసవిలో మట్టము బాగుగా తగ్గినప్పుడే సంగమేశ్వరాలయము బయటపడును. కాబట్టి నిరుటి లోతు ఈ ఏటికి పనికిరాదు, ప్రతిసారి కొలువవలెను. రాత్రి పడవను లంగరుపై వదలునప్పుడు ఇంకను జాగ్రత్త కావలెను. పై లెక్కలోని 10 అడుగులకు 30 అడుగుల తాడు వదలి ఇంటికి పోయితిరనుకొనుడు. వరద వచ్చి నీరు 5 అడుగులు పెరిగినచో ఆ తాడు 2 రెట్లు మాత్రమే అగును. లంగరు ఊడి పడవ కొట్టుకొనిపోవును. లంగరు రాళ్లలో ఇరుకుకొని ఊడనిచో, నీరు ఇంకను పెరిగినకొలది ముక్కు క్రిందికి లాగబడి పడవ మునుగును. వానకాలములో పడవను గట్టుపైకి లాగి కట్టుటయే మేలు.

చిక్కిన లంగరు తీయుట

శ్రీశైలం నిలువనీటి అడుగున వెనుకటి ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు గలవు. అక్కడ లంగరు చిక్కుట సహజము. ముందుగానే లంగరు అడుగు భాగమునకు, అనగా కొక్కెములు కలియు చోట, వేరొక సన్నని తాడు కట్టి దాని పైకొసకు సొరబుర్రనో ప్లాస్టికు డబ్బానో తేలునట్లు కట్టుడు. లంగరు చిక్కినప్పుడు ఈ తాడు లాగినచో అది వచ్చిన దారినే వెనుకకు ఊడును.

మామూలుగా తీయునప్పుడు పడవను లంగరుపైకి తెచ్చి, తాడు నిట్టనిలువైన పిమ్మట ముక్కు వద్దనే నిలిచి లాగవలెను. రానిచో దానిని దాటి ఎగువకు పోయి అటునుండి లాగుడు. ఇంజను బలముతో ప్రక్కకు లాగరాదు. ఎంతకును రానిచో తాడు కోసి రండు. లంగరు పోయిన మరియొకటి కొనవచ్చును.

చివరి మాట

మత్స్యశాఖ అనుమతి లేని చోట వేటకు పోరాదు. గేట్ల దగ్గరను, నీరు లాగు కాలువ తలల దగ్గరను లంగరు వేయరాదు. లైఫ్ జాకెట్టు ఒంటిపై ఉండవలెను; పడవలో పెట్టుకొన్న చాలదు. లోతు కొలిచి, తాడు పొడవుగా వదలి, ముక్కునకే కట్టి, కత్తి చేతికి అందునట్లు ఉంచుకొనుడు. ఈ నాలుగింటికి అయ్యెడు ఖర్చు స్వల్పము. చేప నేడు పడకున్న రేపు పడును. సాయంకాలమునకు మీరు ఇల్లు చేరవలెను.