చీటి లేనివాని నేరము

నేరములన్నియు దుష్టబుద్ధి వలననే పుట్టునని మనవారు తలచుచుందురు. అది సగము మాత్రమే నిజము. కొన్ని నేరములను శాసనమే పుట్టించును. మన మారిషస్ చరిత్రయే ఇందులకు సాక్ష్యము.

ఐదేండ్ల ఒప్పందమును ముగించుకొనిన మన పూర్వులను పాతకూలీలనిరి. వారు పేరునకు స్వతంత్రులు. తోటలో మరల చేరవచ్చును, లేదా కూరలు పండించి అమ్ముకొనవచ్చును. కాని 1867 నాటి కూలీ శాసనము ప్రకారము, తన ఛాయాచిత్రము అంటించిన చీటిని, పోలీసు పాసును ప్రతి పాతకూలీయు వెంట నుంచుకొనవలసి వచ్చెను. అవి లేక జిల్లా దాటినవాడు దేశదిమ్మరి! అతనిని పట్టుకొనిపోయి శిక్షించుచుండిరి. దొంగకును, గంప నెత్తుకొని ప్రక్క జిల్లాలో వంకాయలమ్మబోయిన వానికిని ఠాణాలో భేదము లేకపోయెను.

ఇట్లేల చేసిరి? తోటలకు చవుకకూలి కావలెను. బయట బ్రతుకు దుర్భరమైనచో మనిషి మరల ఒప్పందమునకే వచ్చును గదా! అచటనో డబుల్ కట్: అనుమతి లేక ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి పోవును.

1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోట నిర్వాహకుడు 9,401 మంది పాతకూలీల విజ్ఞాపనను గవర్నరుకు సమర్పించెను. ఆయనను దీవినుండి వెడలగొట్టవలెనని తోటదారులు తామొక అర్జీ పెట్టిరి. అయినను 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించెను. 1875లో దాని నివేదికయు, 1878లో క్రొత్త కూలీ చట్టమును వెలువడెను.

నేడు ఆ చీటి లేదు. కాని ఉద్యోగమునకు పోవువానిని నడవడి పత్రము అడుగుట కలదు. 2012లో దానికి ప్రత్యేక చట్టమే వచ్చినది. దొంగతనమునకు గురియైన కుటుంబము బాధ మేమెరుగుదుము. ధనము లెక్కచూచువాని పూర్వచరిత్ర అరయుట న్యాయమే. అయితే గోదాములో బస్తాలు మోయువానికిని ఆ పత్రమేల? శిక్ష ముగించి వచ్చినవానికి కూలిపని దొరకనిచో, వానిని పిలుచువారు గంజాయి వర్తకులే. వారు పత్రము అడుగరు.

మన ఆలయమునకు వచ్చువారిలో దుకాణములు, బస్సులు, కాంట్రాక్టులు నడుపువారు పలువురు కలరు. అట్టి యువకుడు వాకిట నిలిచినప్పుడు అతడు చేసినదేమో, అది జరిగి ఎన్నేండ్లైనదో అడిగిన పిమ్మటనే బదులు చెప్పుడని వారికి మా మనవి.