అనపకాయ అడిగితే ఏది పంపాలి?

ఇంటికి సరుకులు పంపే యాప్‌లో కూరగాయల పేర్లు చూసుకోవడం నా పని. ఎవరైనా ‘పుంటికూర’ అని వెతికితే గోంగూర కట్ట కనబడాలి. ‘ఎర్రగడ్డ’ అని వెతికితే ఉల్లిపాయలు కనబడాలి. ఒక్కో సరుకు పక్కన దానికి ఊళ్లలో ఉన్న పేర్లన్నీ రాసిపెట్టే పట్టిక ఒకటుంటుంది. ఆఫీసులో దాన్ని సినానిమ్ లిస్ట్ అంటాం. మాదాపూర్‌లో అద్దాల మేడలో ఏసీ కింద కూర్చుని, సొరకాయకు ఇంకేం పేరుందా అని ఆలోచిస్తే జీతం ఇస్తారంటే మా నాయన ఇప్పటికీ నమ్మడు. ‘గంత సదువు సదివి గిదేం కొలువు బిడ్డా’ అంటాడు.

మాది జగిత్యాల పక్కన పల్లె. నా పక్క కుర్చీ పాలకొల్లు అమ్మాయిది, ఎదురు కుర్చీ మదనపల్లె అన్నది. మధ్యాహ్నం డబ్బాలు విప్పామంటే చాలు, పేర్ల పంచాయితీ మొదలు. నేను ఆలుగడ్డ తెస్తే ఆమె దాన్ని బంగాళాదుంప అంటుంది, ఆయన ఉర్లగడ్డ అంటాడు. నాది పల్లి చట్నీ, ఆమెది వేరుశనగ పచ్చడి, ఆయనది చెనక్కాయల ఊరుబిండి. నేను సల్ల తాగుతాను, వాళ్లిద్దరూ మజ్జిగ తాగుతారు. నిజానికి వీటిలో ఏదీ నాకు పెద్ద చిక్కు కాదు. ఒక వస్తువుకు నాలుగు పేర్లుంటే నాలుగూ పట్టికలో రాసేస్తాం, మిషన్ చూసుకుంటుంది. నా నిద్ర చెడగొట్టేవి వేరే ఉన్నాయి. ఒకే పేరు, వస్తువులు రెండు.

అనపకాయనే తీసుకోండి. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటే సొరకాయ. మా కరీంనగర్ వైపు దాన్నే ఆనిగెపుకాయ అంటాం, కొందరు అనపకాయ అని కూడా అంటారు. చిత్తూరు జిల్లా మనిషి దగ్గర ఆ మాట అనండి, ఆయనకు తీగకు వేలాడే కాయ గుర్తుకు రాదు. చలికాలంలో సంతకు బుట్టలకొద్దీ వచ్చే చిక్కుడు జాతి కాయలు గుర్తొస్తాయి. వాటి గింజలు వొలిచి, నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ల మధ్య పితికితే పైతొక్క జారిపోయి లోపలి పప్పు ‘టప్పు’మని బయటికొస్తుంది. అదే పితికిపప్పు. దాంతో చేసిన కూర రాగిసంగటిలోకి తింటే ఇంక సంక్రాంతి దాకా వేరే కూర అడగరు. మదనపల్లె అన్న ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదులుతుంటాయి. వాళ్లింట్లో రాత్రి భోజనాలయ్యాక అందరూ గిన్నె చుట్టూ కూర్చుని పితికేవాళ్లట.

తెలుగు అక్షరాల్లో రాస్తే అకారానికీ ఆకారానికీ తేడా ఉంది కాబట్టి కొంత నయం. కానీ ఫోన్‌లో తెలుగు అక్షరాలతో వెతికేవాళ్లు తక్కువ. ఎక్కువమంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అక్కడ హ్రస్వం, దీర్ఘం రెండూ ఒకే అక్షరంలో కలిసిపోతాయి. చిత్తూరు అనప, గోదావరి ఆనప, మా అనప మూడూ అచ్చం ఒకేలా వచ్చి నా ముందు నిలబడతాయి. ఒకసారి ఓ ఇంటికి అనపకాయలకు బదులు సొరకాయ వెళ్లింది. ఫిర్యాదు నా దగ్గరికే వచ్చింది. ‘అనపకాయలు అడిగితే సొరకాయ పంపిస్తిరే, ఇదేం న్యాయం?’ అని రాశారు. ఆ ‘పంపిస్తిరే’ చూడగానే ఏ జిల్లావాళ్లో మాకు అర్థమైంది, మిషన్‌కు అర్థం కాలేదు. ఇప్పుడు ఆ మాట కొడితే రెండు బొమ్మలూ పక్కపక్కన చూపిస్తున్నాం, ఏది కావాలో వాళ్లే ముట్టుకుంటారు. ఇంతకన్నా తెలివైన ఉపాయం నాకైతే తోచలేదు.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డల కథ ఇంకో రకం. తెలంగాణలో ఉల్లిపాయ ఉల్లిగడ్డ, వెల్లుల్లి ఎల్లిగడ్డ. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ రెంటికీ మొదటి అక్షరం ఒక్కటే తేడా. వెతుకులాట సాఫ్ట్‌వేర్‌లో ఒక మంచి గుణం ఉంటుంది. మనం ఒక అక్షరం తప్పు కొట్టినా ‘పాపం, ఇది అడగబోయి అది కొట్టాడు’ అనుకుని సర్దుకుంటుంది. ఆ మంచితనమే ఇక్కడ కొంప ముంచింది. ఎల్లిగడ్డ అన్నవాళ్లందరికీ అది కిలోల లెక్కన ఉల్లిగడ్డ చూపించింది. చివరికి ఈ రెండు మాటల దగ్గర ఆ దయాగుణాన్ని ఆపేయమని చెప్పాల్సొచ్చింది. రాయలసీమ, నెల్లూరు వాళ్లకు ఈ గొడవే లేదు. ఎర్రది ఎర్రగడ్డ, తెల్లది తెల్లగడ్డ, రంగు చూసి పిలుస్తారు. కాకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అని ఒక పేటే ఉంది, అక్కడో రైతుబజారూ ఉంది, మెట్రో స్టేషనూ ఉంది. మదనపల్లె అన్న ఊరి నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో మెట్రోలో ‘తదుపరి స్టేషన్ ఎర్రగడ్డ’ అని వినబడితే నవ్వాపుకోలేకపోయేవాడట.

శివరాత్రికి కందగడ్డ వంతు వస్తుంది. మా వైపు ఉపవాసం రోజు ఉడకబెట్టుకుని తినే తియ్యటి దుంపను కందగడ్డ అంటారు. దాన్నే తెలంగాణలో ఇంకొన్నిచోట్ల మోరంగడ్డ, రత్నపురిగడ్డ అంటారు. సీమలో గెనుసుగడ్డ, కోస్తాలో చిలగడదుంప. పాలకొల్లు అమ్మాయికి కంద అంటే ఏనుగు పాదమంత ఉండే దురద దుంప, కంద బచ్చలి కూరలోకి వేసేది. ఉపవాసం ఉండి కంద తింటారా అని మొదటిసారి విన్నప్పుడు ఆమె నోరు తెరిచింది. అందుకే కంద, కందగడ్డ అనే రెండు మాటల్నీ మా పట్టికలో ఎదురెదురు గదుల్లో పెట్టాం. మాఘమాసం చివర్లో మాత్రం కందగడ్డ అన్నవాళ్లకు చిలగడదుంపనే ముందు చూపిస్తాం. క్యాలెండర్ చూసి అర్థం మార్చుకునే మాట ఇదొక్కటే అనుకుంటా మా దగ్గర.

వండిన వాటి పేర్లు నా పట్టికలోవి కావు, అయినా వాటి సంగతి చెప్పకుండా ఉండలేను. సాయంత్రం ఆఫీసు వదిలాక అయ్యప్ప సొసైటీ సందుల్లో నడిస్తే అడుగడుక్కీ హాస్టళ్లు, వాటి మధ్య కర్రీ పాయింట్లు. అన్నం ఇంట్లో కుక్కర్‌లో పెట్టుకుని కూర, పప్పు, పులుసు మాత్రం ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకుని వెళ్లే చోటు అది. ఉద్యోగాల కోసం వచ్చి గదుల్లో ఉండేవాళ్లను బతికించింది ఈ కవర్లే. నేను వెళ్లే చోట కౌంటర్ దగ్గర ఉండే ఆమెది గుంటూరు వైపు. ఓ నెల్లూరు కుర్రాడు వచ్చి ‘బెండకాయ తాళింపు ఉందా అక్కా’ అన్నాడు. ‘తాళింపు అన్నిట్లో వేస్తాం నాన్నా, నీకు ఏం కూర కావాలో చెప్పు’ అంది ఆమె. అతను అడిగింది వేపుడు. వాళ్ల ఇళ్లల్లో పొడికూరనే తాళింపు అంటారు. ఆమెకు తాళింపంటే ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, అంతే. గోదావరి వైపు ఆ ఆవాల పనిని తిరగమోత అంటారు. మా అమ్మ పోపు అంటుంది.

గారెల దగ్గర ఇంకా పెద్ద మోసం జరుగుతుంది. కోస్తాలో గారె అంటే మినప్పిండితో వేసిన మెత్తటిది, మధ్యలో చిల్లు. మా పల్లెల్లో సంక్రాంతికి సకినాలతో పాటు డబ్బాల్లో నింపే గారెలు బియ్యప్పిండివి, కరకరలాడతాయి, నెలయినా చెడవు. కోస్తావాళ్లు వాటిని చెక్కలంటారు. పండుగకు ఊరి నుంచి గారెలు తెస్తానని నేను మాటిచ్చినప్పుడు పాలకొల్లు అమ్మాయి అల్లం పచ్చడి చేసుకుని వచ్చింది. ఆ గారెలు పచ్చడిలో ముంచితే విరిగాయి గానీ నానలేదు.

ఈ తేడాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే మా ఆఫీసులో చాలామంది రాష్ట్రం పేరు చెబుతారు. ఇది ఆంధ్ర మాట, ఇది తెలంగాణ మాట అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పట్టిక నింపుతున్నకొద్దీ నాకు ఆ లెక్క కుదరలేదు. 2014 జూన్ 2న గీసిన గీత మీద మాటలు ఆగవు. చక్కెర మాదీ, సీమవాళ్లదీ. పంచదార కోస్తాది. గడ్డ అనే మాట కూడా అంతే, మేమూ సీమా ఒకవైపు, దుంప అనే కోస్తా ఇంకోవైపు. ఉగాదికి చేసే తీపి రొట్టెను మా దగ్గరా భక్ష్యాలంటారు, తుంగభద్ర దాటితే కర్నూల్లోనూ భక్ష్యాలే. ఆనపకాయ ఇంకా తమాషా. శ్రీకాకుళానికీ కరీంనగర్‌కీ పేరు కలుస్తుంది, గుంటూరు మాత్రం సొరకాయ అంటుంది.

దీన్ని పద్ధతిగా చూసిన మనిషి మాకు దగ్గర్లోనే ఉండేవారు. గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసిన భద్రిరాజు కృష్ణమూర్తి. అంతకు ఎంతో ముందే ఆయన తెలుగు జిల్లాల్లో వృత్తి పదాలను సేకరింపజేసి ‘మాండలిక వృత్తి పదకోశం’ తెచ్చారు. వ్యవసాయ పదాల మొదటి సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసింది. తర్వాతి సంపుటం చేనేత మీద. ఒక్కో పనికి, పనిముట్టుకు ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంటుంది. ఒక్కమాటలో, నేను చేస్తున్న పట్టికే. ఆయనకు గొర్రూ నాగలీ, నాకు సొరకాయా చిక్కుడూ. ఆ పనిలోంచే ఆయన తెలుగును నాలుగు మండలాలుగా చూపారు. తెలంగాణ ఒకటి, రాయలసీమ నెల్లూరుతో కలిసి ఒకటి, గోదావరుల నుంచి గుంటూరు దాకా ఒకటి, విశాఖ శ్రీకాకుళాలు ఒకటి. నెల్లూరును సీమతో కలపడం చూశాక కర్రీ పాయింట్‌లో తాళింపు అడిగిన కుర్రాడి సంగతి నాకు తేటపడింది. మా వైపు మాటలకు నలిమెల భాస్కర్ గారి ‘తెలంగాణ పదకోశం’ కూడా ఉంది. అది నా బల్ల మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పాత ఏలుబడుల జాడలూ కనిపిస్తాయి. 1948 దాకా నిజాం రాజ్యంలో ఉన్న మాకు ఉర్దూ సాయంతో ఆలు, కీర వచ్చాయి. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్త మండలాలే తర్వాత రాయలసీమ అయ్యాయి. అక్కడ, ముఖ్యంగా చిత్తూరు వైపు, తమిళం, కన్నడం పక్కిళ్లు. ఉర్లగడ్డలో తమిళుల ఉరుళైక్కిళంగు ఉంది. బంగాళాదుంప తన చిరునామా తానే చెబుతుంది. ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే ఆలుగడ్డ, పల్లి, మిరప, టమాట, ఇవేవీ మన పంటలు కావు. అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. వచ్చిన కొత్తలో ఎవరికి దొరికిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. మా నానమ్మ టమాటను రామ్ములక్కాయ అనేది. కర్నూలు వైపు చేలల్లో పల్లీలు బుడ్డలు. ఉలవలు, నువ్వులు, వంకాయ లాంటి పాతకాపులకు మాత్రం నాలుగు మండలాల్లోనూ దాదాపు ఒకటే పేరు. అంటే పేరెంత చీలిందో చూసి పంట ఎంత కొత్తదో కొంత ఊహించవచ్చు. అన్నిటికీ వర్తించే సూత్రం కాదిది. గోంగూర, పుంటికూర, గోగాకు దీన్ని పడగొట్టడానికే పుట్టాయి.

మిగతా ఊళ్లలో మా పని సులువు. పిన్‌కోడ్ చూస్తే చాలు. గుంటూరు పిన్‌కోడ్ నుంచి అడిగితే సొరకాయ అని రాసి చూపిస్తాం, కరీంనగర్ నుంచి అడిగితే ఆనిగెపుకాయ. ఈ ఉపాయం 500081 దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. అది సైబరాబాద్ పిన్‌కోడ్. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక ఈ రాళ్లగుట్టల్లోకి అన్ని జిల్లాలవాళ్లూ వచ్చిపడ్డారు. కొండాపూర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే లిఫ్టులో శ్రీకాకుళం, సిద్దిపేట, హిందూపురం ఎక్కుతాయి దిగుతాయి. దుర్గంచెరువు తీగల వంతెన దగ్గర బొగ్గుల మీద కాల్చేవాణ్ని ఒకరు మక్క కంకి అడుగుతారు, ఒకరు మొక్కజొన్న పొత్తు అడుగుతారు, ఉత్తరాది పిల్లలు బుట్టా అడుగుతారు. అతను ఎవర్నీ సరిదిద్దడు, ఉప్పూకారం పెట్టిన నిమ్మచెక్క రుద్ది చేతికిస్తాడు. యాప్‌లో అలా కుదరదు. బొమ్మ కింద ప్రధాన పేరు రాయడానికి ఒక్క గడే ఉంది. మిగిలినవన్నీ ‘ఇతర పేర్లు’.

ఆ గడి కోసమే మా దగ్గర వాదనలు. ఇన్నాళ్లూ పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, ప్యాకెట్ల మీద ఉన్నది ఎక్కువగా కోస్తా పేరు కాబట్టి అదే అసలు పేరనీ, మిగతావి యాస అనీ అలవాటు పడిపోయాం. ఓ మీటింగులో పుంటికూరను ‘గోంగూరకు తెలంగాణ స్లాంగ్’ అని ఎవరో రాశారు. నేను ఆ మాట కొట్టేయించాను. యాస అన్నది పలకడంలో ఉంటుంది. పుంటికూర యాసతో పలికిన గోంగూర కాదు, వేరే మాట. ‘ఇతర’ అన్న మాట కూడా నాకు నచ్చదు గానీ, ఆ పెట్టె పేరు మార్చాలంటే బెంగళూరు ఆఫీసు ఒప్పుకోవాలట.

ప్రస్తుతం ఉగాది సరుకు పని నడుస్తోంది. మిఠాయి వర్గంలో కొత్తగా ఒక తీపి రొట్టె చేరింది. బొబ్బట్లు అన్నది పాలకొల్లు అమ్మాయి రాసింది, భక్ష్యాలు, పోలెలు నేను రాశాను. ఓళిగలు ఇంకా చేరలేదు. ళకారం పెట్టాలా, లకారం పెట్టాలా అన్నది మదనపల్లె అన్నకూ అనంతపురం నుంచి వచ్చిన కొత్త కుర్రాడికీ తేలలేదు. రెండూ పెట్టేయండని చెప్పాను. గడిలో ఏది ముందు రాయాలో తేల్చుకుంటున్నారు.