కండరాల అదురు: ఆరోగ్య ఆందోళన, వైద్య పరీక్షలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• కండ ఎందుకు అదురుతుందో వివరించగలుగుతారు.
• మామూలు అదురుకూ, వెంటనే వైద్యులకు చూపించవలసిన అదురుకూ తేడా గుర్తించగలుగుతారు.
• వైద్య పరీక్షలు ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలవో తెలుసుకుంటారు.
• ఆరోగ్య ఆందోళన ఎలా పెరుగుతుందో, దాన్ని ఎలా తగ్గించుకోవచ్చో చెప్పగలుగుతారు.

1. పరిచయం

కన్ను అదిరితే మన ఇళ్లలో శకునం చూస్తారు. మగవారికి కుడి కన్ను, ఆడవారికి ఎడమ కన్ను అదిరితే మంచిదంటారు. అదే అదురు పిక్కలోనో, తొడలోనో, బొటనవేలి మొదట్లోనో వస్తే శకునం మాట ఎవరూ తలవరు. "నరాల బలహీనతేమో" అంటారు. ఫోనులో వెతికితే చాలక నాడీకణ వ్యాధి పేరు కనిపిస్తుంది. ఆ రాత్రి నుంచి నిద్ర ఉండదు.

విజయపురి సౌత్ వంటి చోట ఉండే విద్యార్థికి ఈ భయం ఖర్చుతో కూడుకున్నది కూడా. నరాల వైద్యులను చూడాలంటే మాచర్ల మీదుగా నరసరావుపేటకో గుంటూరుకో, లేదా కృష్ణ దాటి హైదరాబాదుకో వెళ్లాలి. ఒక రోజు పని పోతుంది. బస్సు ఛార్జీలు, పరీక్షల ఫీజులు అదనం. మొదటిసారి వెళ్లడం అవసరమే కావచ్చు. అయిదోసారి వెళ్లడం అవసరమా? ఈ పాఠంలో మనం ఆలోచించవలసిన అసలు ప్రశ్న ఇదే.

2. కండ ఎందుకు అదురుతుంది?

వెన్నుపాములోని ఒక చాలక నాడీకణం, దాని ఆధీనంలో ఉండే కండరపు పోగులు ఒక జట్టుగా పనిచేస్తాయి. ఈ జట్టును చాలక ప్రమాణం అంటారు. మనం అనుకోకుండానే నాడీతంతువు తనంతట తాను ఒక సంకేతం పంపితే ఆ జట్టులోని పోగులన్నీ ఒక్కసారి ముడుచుకుంటాయి. చర్మం కింద చిన్న కదలిక కనిపిస్తుంది. చెయ్యీ కాలూ మాత్రం సాధారణంగా కదలవు. వైద్యులు దీన్ని ఫాసిక్యులేషన్ అంటారు.

నిద్ర చాలకపోవడం, టీ కాఫీలు ఎక్కువ కావడం, అలవాటు లేని శ్రమ, మానసిక ఒత్తిడి ఈ అదురును పెంచుతాయి. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేయడం, రక్తంలో కాల్షియం లేదా మెగ్నీషియం తగ్గడం, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు. పగలు ఉద్యోగం చేసి, రాత్రి టీ తాగుతూ పరీక్షలకు చదివే దూరవిద్య విద్యార్థిలో ఈ కారణాల్లో రెండు మూడు ఒకేసారి ఉండటం సహజం.

3. ఇది ఎంత సామాన్యం?

1963లో రీడ్, కర్లాండ్ అనే పరిశోధకులు ఆరోగ్యవంతులను విచారించినప్పుడు, ఇంచుమించు 70 శాతం మంది తమకూ కండ అదిరిన అనుభవం ఉందన్నారు. చాలక నాడీకణ వ్యాధుల్లో ముఖ్యమైన ఏఎల్ఎస్, ఐరోపా, అమెరికా లెక్కల ప్రకారం ఏడాదికి లక్షమందిలో సుమారు ఇద్దరికి కొత్తగా వస్తుంది. వారిలో ఎక్కువమంది 50 ఏళ్లు దాటినవారు.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. లక్షమంది ఉన్న పట్టణంలో 70,000 మందికి ఎప్పుడో ఒకప్పుడు కండ అదురుతుంది. ఏడాదిలో కొత్తగా ఆ వ్యాధి వచ్చేవారు ఇద్దరు. అంటే అదురు ఒక్కటే ఉంటే అది ఆ వ్యాధికి దాదాపు ఏ ఆధారమూ కాదు.

దీన్ని మరో అధ్యయనం బలపరిచింది. అదురు ఉండి వేరే లోపమేమీ లేని 121 మందిని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2 నుంచి 32 ఏళ్ల దాకా గమనించారు. 1993లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వారిలో ఒక్కరికి కూడా చాలక నాడీకణ వ్యాధి రాలేదు. ఈ భయం చదువులేనివారికే వస్తుందనుకోవడం కూడా పొరపాటు. వైద్యవృత్తిలో ఉన్నవారిలోనే ఇది కనిపిస్తోందని 2013లో ఆస్ట్రేలియా నాడీవైద్యులు ఇద్దరు గుర్తించి, దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు.

4. ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

అదురు ఎంతసేపు ఉంది, ఎన్ని చోట్ల ఉంది అన్నవి ముఖ్యం కాదు. మునుపు చేయగలిగిన పని ఇప్పుడు చేయలేకపోతున్నారా అన్నదే ముఖ్యం. నీరసంగా అనిపించడం వేరు, బలం తగ్గడం వేరు.

అ) బలం తగ్గడం: చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, తాళం తిప్పలేకపోవడం, నడుస్తుంటే పాదం వేలాడటం, మాట ముద్దగా రావడం, మింగడం కష్టం కావడం, ఒక చేతి కండ రెండోదానికంటే సన్నబడటం. ఇవి ఉంటే, వారాల తరబడి పెరుగుతుంటే, నాడీవైద్య నిపుణులను తప్పక కలవాలి.

ఆ) పురుగుమందు: పల్నాడులో మిరప, పత్తి పండించే కుటుంబాలు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు శరీరంలోకి చేరితే, నాడి నుంచి కండరానికి సంకేతాన్ని అందించే ఎసిటైల్‌కోలిన్ విచ్ఛిన్నం కాకుండా పేరుకుపోతుంది. కండలు అదురుతాయి. దానితోపాటు చెమటలు, నోట్లో నీరూరడం, కళ్లలో నీళ్లు, వాంతులు, ఆయాసం వస్తాయి, కంటిపాపలు చిన్నవవుతాయి. మందు కొట్టిన కొద్ది గంటల్లో ఈ లక్షణాలు కనిపిస్తే తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బుతో కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బా మీది పేరు వైద్యులకు చూపించాలి. ఇక్కడ ఆందోళన గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు.

5. పరీక్షలు ఏం చెప్పగలవు?

అన్నిటికంటే ముందు వైద్యులు చేతులతో చేసే పరీక్ష: కండరాల బలం, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూసే ప్రతిచర్య. అవసరమనుకుంటే థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం కోసం రక్తపరీక్షలు రాస్తారు. బలం తగ్గిందన్న అనుమానం ఉంటే ఈఎంజి చేస్తారు. ఇందులో సన్నని సూదిని కండలోకి గుచ్చి, విశ్రాంతిలోనూ బిగించినప్పుడూ వచ్చే విద్యుత్ సంకేతాలను నమోదు చేస్తారు.

పరీక్షలు ఎక్కువైతే నిశ్చయం ఎక్కువవుతుందా? లెక్క వేద్దాం. రక్తపరీక్షల్లో మామూలు పరిధిని సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మందికి సరిపోయేలా నిర్ణయిస్తారు. మిగిలిన 5 శాతం మందికి జబ్బు లేకున్నా ఫలితం పరిధి దాటుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలను ఒకే ఆరోగ్యవంతుడికి చేస్తే, కనీసం ఒకటైనా పరిధి దాటే అవకాశం సుమారు 64 శాతం. ఆ ఒక్క అంకె మరో పరీక్షకు, మరో ప్రయాణానికి దారి తీస్తుంది.

కొన్నిసార్లు పరీక్షించవలసింది ఒంటిని కాదు. పల్నాడు మెట్టప్రాంతాల్లో ఏ నొప్పి వచ్చినా నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అనుమానిస్తారు. ఇందుకు కారణం లేకపోలేదు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మొదట వివరించిన 1937 నాటి అధ్యయనం పొదిలి ప్రాంతానిదే. అయితే ఫ్లోరోసిస్ పళ్ల మీద మరకలుగా, కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడంగా బయటపడుతుంది. అనుమానముంటే తాగేనీటిని పరీక్ష చేయించాలి. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనప్పుడు 1.5 గరిష్ఠ పరిమితి.

6. ఆందోళన వలయం

ఒక విద్యార్థిని ఊహించుకోండి. పిక్క అదిరింది. భయపడి తడిమి చూసింది. ఫోనులో వెతికింది. రక్తపరీక్ష చేయించుకుంది. అంతా బాగానే ఉందన్నారు. నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచాయి. మళ్లీ అదిరింది. "ఆ పరీక్షలో తెలియకపోయి ఉంటే?" అనుకుంది.

1986లో సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అనే మనోవైజ్ఞానికులు ఈ వలయాన్ని వివరించారు. భరోసా వెంటనే ఊరటనిస్తుంది. ఆ ఊరటే మళ్లీ భరోసా వెతికే అలవాటును బలపరుస్తుంది. ఎప్పుడూ ఒకే కండను గమనిస్తుంటే ఇదివరకు పట్టించుకోని చిన్న కదలికలూ తెలుస్తాయి. నిద్ర చెడితే అదురు నిజంగానే పెరుగుతుంది. అనుమానం పెనుభూతం అన్న సామెత చెప్పేది ఇదే. అదురు కల్పితం కాదు, దానికి ఇచ్చుకున్న అర్థమే భయాన్ని పుట్టిస్తోంది.

7. మీరు ఏం చేయవచ్చు?

1) ఒకే వైద్యుణ్ని నమ్మి వెళ్లండి. వెళ్లేటప్పుడు మూడు ప్రశ్నలు రాసుకోండి: ఈ పరీక్ష దేన్ని తెలుసుకోవడానికి? ఫలితం మామూలుగా వస్తే ఇక ఆపవచ్చా? ఏ మార్పు కనిపిస్తే తిరిగి రావాలి? జవాబులు అక్కడే రాసుకుని దాచుకోండి.
2) తడిమి చూసుకోవడం, ఫోనులో వెతకడం రోజుకు ఎన్నిసార్లో లెక్కపెట్టండి. వారం వారం సగానికి తగ్గించండి. చూడాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగండి.
3) సాయంత్రం తరవాత టీ మానండి. నిద్రవేళ మార్చకండి.
4) ఇంట్లోవారు రోజూ "ఏం కాదులే" అనడం కూడా భరోసాయే. దానికి బదులు "డాక్టరుగారు చెప్పింది ఇద్దరం విన్నాం కదా, పద పని చూసుకుందాం" అనడం మేలు.
5) భయం నెలల తరబడి చదువును, పనిని అడ్డుకుంటుంటే మానసిక వైద్యుల సాయం తీసుకోండి. మనోవ్యాధికి మందు లేదన్న సామెత ఇక్కడ చెల్లదు. ఆలోచనలను, అలవాట్లను కలిపి సరిదిద్దే చికిత్స వల్ల ఆరోగ్య ఆందోళన తగ్గుతుందని బ్రిటన్‌లో 444 మంది రోగులపై జరిగిన అధ్యయనం చూపింది. ఆ మేలు రెండేళ్ల తరవాతా నిలిచింది. ఇంటి నుంచే మాట్లాడాలంటే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఫీజు లేదు.

8. సారాంశం

అదురు పూర్తిగా పోకపోవచ్చు. అది పోయేదాకా బతుకును వాయిదా వేసుకోవలసిన పని లేదు. బలం తగ్గినా, పురుగుమందు తగిలినా ఆలస్యం చేయకండి. ఆ రెండూ లేనప్పుడు, సరైన పరీక్ష ఒకసారి చేయించుకుని దాని జవాబును జవాబుగా తీసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీరసానికీ, బలం తగ్గడానికీ తేడాను మీ రోజువారీ పనుల నుంచి రెండు ఉదాహరణలతో వివరించండి.
2. ఆరోగ్యవంతుడికి 20 పరీక్షలు చేస్తే ఒకటైనా పరిధి దాటే అవకాశం 64 శాతం ఎలా వచ్చిందో లెక్కకట్టి చూపండి.
3. భరోసా ఆందోళనను ఎలా పెంచుతుంది? పది వాక్యాల్లో రాయండి.