భోజనమును దిద్దుకొనుటకు సులభోపాయములు

ఆరోగ్యకరమైన భోజనమనగానే మనలో ననేకులు వెలగల పండ్లబుట్టలను, డబ్బాపొడులను తలంచుకొని, అవి మనకెక్కడివని నిట్టూర్చి యూరకుందురు. ఈ తలంపు సరియైనది కాదు. మన పెరటిలోను, వారపు సంతలోను దొరకు వస్తువులతోనే మంచి భోజనము సమకూర్చుకొనవచ్చును.

పాఠశాల పత్రికయందు వంటయింటి ప్రసంగమేల యని కొందఱడుగవచ్చును. ఉదయమున టీ మాత్రము త్రాగి వచ్చిన బాలునికి మూడవ పీరియడు నాటికి కన్నులు మూతపడును. చెప్పిన పాఠము చెవిని సోకదు. అట్టివానికి బెత్తము మందు కాదు, అన్నమే మందు. కావున ఇది మా పనికి సంబంధించిన విషయమే.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును విద్యార్థు లెఱుగుదురు. బబులోను రాజగృహమున నుండిన నలుగురు యువకులు రాజభోజనమును మాని, శాకధాన్యములతోను నీటితోను పదిదినముల పరీక్షకు లోబడిరి. మేమును పదిదినముల పద్ధతినే సూచించుచున్నాము. అన్నిటిని ఒక్కనాడే మార్చబూనినవాడు వారము తిరుగకముందే అన్నిటిని విడిచిపెట్టును. ఒక మార్పును పదిదినములు నడిపి, అది అలవాటైన పిమ్మట మఱియొకదానిని చేపట్టవలెను.

మొదటిది ఉదయభోజనము. ఏమియు తినక బడికి రాకూడదు. మజ్జిగ పోసిన చద్దన్నము, ఉల్లిపాయ, లేదా ఉడికించిన సెనగలు, లేదా రాగిజావ, వీనిలో నేదైనను చాలును. రాగులను పేదల తిండియని చిన్నచూపు చూడరాదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. అంతే తూకముగల పాలలో నుండునది సుమారు 120 మిల్లీగ్రాములు. ఎదుగుచున్న ఎముకలకు కాల్షియ మత్యవసరము. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలో రాగిజావ నిచ్చుట నారంభించినది.

రెండవది బియ్యము. ధాన్యపు గింజకు పైనున్న ఊక తీసిన తరువాత లోపల ఎఱ్ఱని పలుచని పొర యుండును. మరలో పాలిషు పట్టినప్పుడు ఆ పొర తవుడై పోవును. దానితోకూడ బి విటమినులును, పీచును పోవును. దీని ఫలమును జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు కనుగొనెను. పాలిషు బియ్యపు అన్నము తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి నడువలేకపోయెను. పై పొర తీయని బియ్యము పెట్టగా కోలుకొనెను. ఈ పరిశోధనకు ఆయన 1929లో నోబెల్ బహుమానములో భాగము నందెను. మనుష్యులలో నట్టి జబ్బే బెరిబెరి. ఒకప్పుడది మన ఉత్తరసర్కారు జిల్లాలలో నెక్కువగా కనబడెడిది. నేడు బెరిబెరి అరుదైనను, తెల్లని అన్నమును మాత్రమే కడుపునిండ తినుటవలన రక్తములో చక్కెర త్వరగా పెరుగుచున్నది.

కాబట్టి దంపుడు బియ్యము దొరకినచో వాడవలెను. అది ఉడుకుటకు ఆలస్యమగును గనుక అరగంట ముందుగా నానబెట్టవలెను. మొదట సగము తెల్లబియ్యము కలిపి వండినచో పిల్లలు మారాము చేయరు. అది దొరకనిచోట తక్కువ పాలిషు పట్టిన బియ్యమును అడిగి కొనవలెను. ఏ బియ్యమైనను పలుమార్లు పిసికి కడుగరాదు. గంజి వార్చి పారబోయరాదు. నీటితో కరగిపోవు బి విటమినులు ఆ నీటితోనే తూములోనికి పోవును.

మూడవది పళ్లెములోని పాళ్లు. మన యిండ్లలో అన్నము కొండవలె నుండి, కూర అంచున గోరంత యుండును. అన్నమును కొంత తగ్గించి, పప్పును కూరను పెంచవలెను. బియ్యపు మాంసకృత్తులలోని కొఱతను పప్పు తీర్చును. పప్పులోని కొఱతను బియ్యము తీర్చును. వీలున్నవారు గ్రుడ్డునో చిన్న చేపలనో చేర్చుకొనవచ్చును. కూరలు, పండ్లు కలిసి దినమునకు 400 గ్రాములకు తక్కువ కాకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. జామపండు చవుక, అందు నారింజకంటె పలురెట్లు సి విటమిను కలదు.

నాలుగవది ఆకుకూర. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మెట్లెక్కగానే ఆయాసపడుట, చదివినది నిలువకపోవుట దీని గుర్తులలోనివి. తోటకూర, మునగాకు, బచ్చలి, పొన్నగంటి వీనిలో నొకదానిని దినదినము పప్పులో వేయవలెను. పైన నిమ్మరసము పిండుకొనినచో ఆకులోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనముతో టీ త్రాగినచో పట్టదు, గంటసేపైనను ఎడముండవలెను. రక్తవృద్ధికి వలయు ఫోలికామ్లమును ఆకుకూరలలో నున్నదే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధకబృందమే 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించెను. మన పెరటి ఆకునందలి సారమును ప్రపంచమునకు మందుగా నందిచ్చినవారిలో తెలుగువా డొకడుండెను.

ఐదవది ఉప్పు, చక్కెర. పెద్దవారికి దినమునకు 5 గ్రాములలోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించని ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఊరగాయ, అప్పడము, పొట్లములలో అమ్ము చిరుతిండ్లు, వీనిలోని ఉప్పును లెక్కలో చేర్చవలెను. ఊరగాయ మానుమనుట లేదు. ముద్దముద్దకు గాక ఒక్క ముద్దకు చాలును. సీసాలలో అమ్ము తీపిపానీయములు సాధారణముగా పావులీటరుకు సుమారు ఆరు చెంచాల చక్కెర గలవి. వాని స్థానమున మజ్జిగయు, కుండలోని నీరును మేలు.

మధుమేహము, మూత్రపిండముల వ్యాధి మున్నగునవి గలవారు వైద్యుని అడిగియే ఆహారమును మార్చుకొనవలెను.

తుదకు తలిదండ్రులకొక మనవి. అనేక గృహములలో పురుషులును బాలురును తినిన పిమ్మట, గిన్నె యడుగున మిగిలినది తల్లియు ఆడుబిడ్డలును తినుచున్నారు. పైని చెప్పిన పప్పును ఆకుకూరయు ఎవరికి అధికముగా కావలెనో వారికే అవి మిగులుట లేదు. అందఱును ఒక్కమాఱే కూర్చుండి, ఉన్నదానిని సమముగా వడ్డించుకొని భుజింపుడు. ఈ మార్పునకు కానియైనను వ్యయము కాదు. దీనినే మొదటి పదిదినములకు ఎన్నుకొనుడని మేము కోరుచున్నాము.