లోపాన్వేషణ

పూర్తిగా పాడైపోయిన వస్తువును బాగుచేయడం ఒక విధంగా సులభం. ఎప్పుడు పరీక్షించినా అది పనిచేయదు కనుక కారణం దొరికే వరకు వెదకవచ్చు. ఒకసారి పనిచేసి మరొకసారి మొరాయించే వస్తువుతోనే చిక్కు. మరమ్మతు చేసే వ్యక్తి ఎదుట అది బుద్ధిగా పనిచేస్తుంది. ఇంటికి తెచ్చిన మరునాడే మళ్లీ మొండికేస్తుంది. ల్యాప్‌టాప్‌లోని యు.ఎస్.బి. పోర్టులకు వచ్చే జబ్బు తరచుగా ఇటువంటిదే.

ప్రాజెక్టు నివేదికను మరునాడు సమర్పించవలసిన విద్యార్థి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుండగా, సగంలో ఆ పెన్‌డ్రైవ్ తెరమీద నుంచి మాయమవుతుంది. తీసి పెడితే మళ్లీ కనబడుతుంది. కొద్దిసేపటికి మళ్లీ మాయమవుతుంది. ఇటువంటప్పుడు చాలామంది పోర్టు చెడిపోయిందనీ, మదర్‌బోర్డు మార్చక తప్పదనీ నిశ్చయానికి వస్తారు. అది వేల రూపాయల ఖర్చు. అయితే అసలు కారణం తీగలోనో, విద్యుత్ సరఫరాలోనో, కంప్యూటర్ అమరికలోనో ఉండవచ్చు. కనుక ఖర్చుకు సిద్ధపడే ముందు లోపం ఎక్కడ ఉందో నిర్ధారించుకోవడం వివేకం. అందుకు ముందుగా ఆ పోర్టు పనిచేసే తీరు తెలియాలి.

యు.ఎస్.బి. అంటే యూనివర్సల్ సీరియల్ బస్. పూర్వం కీబోర్డు, మౌస్, ప్రింటర్ వంటి వాటికి వేర్వేరు ఆకారాలు గల సాకెట్లు ఉండేవి. వీటన్నిటికీ ఒకే విధమైన సాకెట్ ఉండాలన్న ఆశయంతో ఏడు సంస్థలు కలిసి రూపొందించిన ప్రమాణం 1996లో వెలువడింది. ఇంటెల్ సంస్థలో ఈ కృషికి నాయకత్వం వహించిన అజయ్ భట్ భారతదేశంలో జన్మించి, బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేసినవారు. తరువాత 2000లో రెండవ తరం, 2008లో మూడవ తరం ప్రమాణాలు వచ్చాయి.

రెండవ తరం పోర్టులో నాలుగు లోహపు పట్టీలు ఉంటాయి. వెలుపలి రెండు 5 వోల్టుల విద్యుత్తును అందిస్తాయి. లోపలి రెండు సమాచారాన్ని చేరవేస్తాయి. పెన్‌డ్రైవ్‌ను లోపలికి నెట్టినప్పుడు విద్యుత్తు ముందుగా అందేటట్లు వెలుపలి పట్టీలను కొంచెం పొడవుగా అమరుస్తారు. విద్యుత్తు అందిన పరికరం ఒక సమాచారపు తీగలో వోల్టేజిని పెంచి తన రాకను తెలుపుతుంది. కంప్యూటర్ దాని వివరాలు అడిగి తెలుసుకొని, 1 నుంచి 127 వరకు గల సంఖ్యలలో ఒకదాన్ని చిరునామాగా ఇస్తుంది. ఆపై దానికి తగిన డ్రైవర్ అనే ప్రోగ్రాంను జతచేస్తుంది. అంటే పరికరం పనిచేయడానికి మూడు విషయాలు సక్రమంగా ఉండాలి: లోహపు పట్టీల స్పర్శ, తగినంత విద్యుత్తు, సరియైన ప్రోగ్రాం. ఉండి ఉండి వచ్చే లోపాన్ని కూడా ఈ మూడింటిలోనే వెదకాలి.

అన్వేషణకు ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. అనుమానం ఉన్న పోర్టులో ముఖ్యమైన సమాచారాన్ని రాయకూడదు. రాస్తున్న సమయంలో సంబంధం తెగితే పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్లు కూడా దెబ్బతినవచ్చు. అందువల్ల ఉన్న సమాచారాన్ని మరొక కంప్యూటర్‌లో భద్రపరచిన తరువాతే పరీక్షలు మొదలుపెట్టాలి.

మొదటి పరీక్ష తారుమారు పరీక్ష. అదే పరికరాన్ని వేరొక పోర్టులోను, వేరొక పరికరాన్ని అదే పోర్టులోను పెట్టి చూడాలి. తీగ ఉంటే దాన్నీ మార్చి చూడాలి. లోపం పరికరం వెంట నడిస్తే పోర్టు నిర్దోషి. ఏ పరికరం పెట్టినా ఒకే పోర్టు మొరాయిస్తే అనుమానం పోర్టుపైకి మళ్లుతుంది. అన్ని పోర్టులూ ఒకేసారి మూగబోతే విద్యుత్తునో, ప్రోగ్రాంనో శంకించాలి. ఒక్కొక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయడం ఇక్కడ ప్రధాన సూత్రం. తీగను, పోర్టును, డ్రైవర్‌ను ఒకేసారి మార్చినవారికి లోపం పోయినా, అది ఎందువల్ల పోయిందో తెలియదు. సమయం, పరికరం, పోర్టు, చార్జర్ ఉన్నదీ లేనిదీ, ఫలితం అనే అయిదు గడులతో ఒక పట్టిక రాసుకుంటే, రెండు మూడు రోజులలో లోపానికి ఒక క్రమం కనబడుతుంది.

స్పర్శలోని లోపాన్ని గుర్తించడం తేలిక. పరికరం కొద్దిగా కదిలినప్పుడల్లా సంబంధం తెగుతుంటే పట్టీలు వదులైనట్లో, అతుకు ఊడినట్లో భావించాలి. సాధారణ యు.ఎస్.బి. పోర్టు కనీసం 1500 సార్లు పెట్టి తీయడానికి తట్టుకోవాలని ప్రమాణం. రోజుకు రెండుసార్లు వాడితే రెండేళ్లు దాటిన కొద్ది రోజులకే ఆ సంఖ్య పూర్తవుతుంది. ఆ తరువాత పోర్టు వెంటనే చెడుతుందని కాదు, అరుగుదలకు అవకాశం ఉందని మాత్రమే అర్థం. కొన్నిసార్లు లోపల చేరిన దుమ్మే కారణం కావచ్చు. కంప్యూటర్‌ను ఆపి, చార్జర్ తీసి, దుమ్మును గాలితో పోగొట్టాలి. సూదితోనో పిన్నుతోనో గీకితే పట్టీలు వంగిపోయే ప్రమాదం ఉంది.

విద్యుత్తు చాలకపోవడం రెండవ కారణం. రెండవ తరం పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, మూడవ తరం పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలవని ప్రమాణం. సొంత విద్యుత్ సరఫరా లేని హబ్‌ను తగిలించి, దానికి నాలుగు పరికరాలు కలిపితే ఆ కొద్ది విద్యుత్తే అన్నిటికీ పంచబడుతుంది. తిరగడం ప్రారంభించే క్షణంలో ఎక్కువ విద్యుత్తు కోరే హార్డ్‌డిస్క్ అప్పుడు టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. పరిమితి మించితే కంప్యూటర్ తన రక్షణ కోసం ఆ పోర్టును తానే మూసివేస్తుంది. అటువంటప్పుడు పరికరాలన్నీ తీసి, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, చార్జర్‌ను వేరుచేసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి ఉంచి, తిరిగి ప్రారంభిస్తే పోర్టు కోలుకోవచ్చు.

మూడవ కారణం ప్రోగ్రాంకు సంబంధించినది. బ్యాటరీని ఆదా చేయడానికి కంప్యూటర్ వాడకంలో లేని పోర్టులను నిద్రపుచ్చుతుంది. కొన్ని పరికరాలు ఆ నిద్ర నుంచి సరిగా మేల్కొనవు. కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించగానే పనిచేసి, కొంతసేపు వాడకుండా ఉంచితే మాయమయ్యే పరికరం విషయంలో దీన్నే శంకించాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యు.ఎస్.బి. రూట్ హబ్ కింద పవర్ మేనేజ్‌మెంట్ అమరిక ఉంటే, అక్కడి అనుమతి గుర్తును తీసివేసి చూడాలి. డ్రైవర్లను ల్యాప్‌టాప్ తయారీదారుల నుంచే తెచ్చుకోవడం క్షేమం.

పోర్టు నిర్దోషి అయినా దోషిగా కనబడే సందర్భం మరొకటి ఉంది. మూడవ తరం యు.ఎస్.బి. పరికరాలు పనిచేసేటప్పుడు వెలువడే రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేసే వైర్‌లెస్ మౌస్‌ను ఆటంకపరచగలదు. హార్డ్‌డిస్క్ పక్కనే మౌస్ రిసీవర్ ఉంటే మౌస్ ఆగి ఆగి కదులుతుంది. రిసీవర్‌ను చిన్న పొడిగింపు తీగతో దూరం జరిపితే చాలు.

ఇవన్నీ చేసినా లోపం నిలిచి ఉంటే కంప్యూటర్‌ను మరొక ఆపరేటింగ్ సిస్టంతో నడిపి చూడాలి. అక్కడ కూడా అదే పోర్టు అదే విధంగా తడబడితే దోషం యంత్ర భాగానిదే కావచ్చు. అప్పుడు నిపుణుని ఆశ్రయించాలి. కొన్ని నమూనాలలో పోర్టులు మదర్‌బోర్డుపై కాక వేరొక చిన్న పలకపై ఉంటాయి. ఆ పలకను మార్చితే సరిపోయే చోట మదర్‌బోర్డు మొత్తం మార్చనవసరం లేదు. తన పట్టికను చూపి, చేసిన పరీక్షలను వివరించగల వినియోగదారునికి ఈ ప్రశ్న అడిగే అర్హత, ధైర్యం రెండూ ఉంటాయి.

ప్రయోగశాలలో విద్యార్థి చేసే పని ఇదే. పరిశీలిస్తాడు, ఒక కారణాన్ని ఊహిస్తాడు, దాన్ని పరీక్షిస్తాడు, తప్పని తేలితే విడిచిపెడతాడు. పరీక్ష ముగిసిన తరువాత రికార్డు పుస్తకం అటకెక్కవచ్చు. ఈ అలవాటు మాత్రం చిన్న పెన్‌డ్రైవ్ మొరాయించిన నాడు కూడా అక్కరకు వస్తుంది.