మాటల పెట్టెలకు హద్దులు

కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలగుండా పోవును. రైలుమార్గములపై బ్లాకు టెలిఫోను పక్కపక్క స్టేషనులను మాత్రమే కలుపును. అచ్చట హద్దు తీగయే. మాటను దాచి, పిదప వినిపించు వాయిస్‌మెయిలులో యంత్రము అందరికిని ఒక్కటే. అందరును అందరికి పంపినచో పెట్టెలు నిండి ముఖ్యవార్త మరుగుపడును. కనుక హద్దును ఒక పట్టిక నిర్ణయించును.

వాడువారిని వర్గములుగా విభజించి, అడ్డువరుసలలో పంపువారిని, నిలువువరుసలలో అందుకొనువారిని వ్రాయుదురు. ఆ రెండును కలియు గడిలో అనుమతి ఉన్ననే సందేశము పోవును. రామగుండము బొగ్గుగనిలో ఇట్టి యంత్రమును కార్మికులు, పర్యవేక్షకులు, అధికారులు వాడుచున్నారనుకొందము. వర్గములు 3, గడులు 3 × 3 = 9. అధికారి కార్మికునికి పంపుట ఒక గడి; కార్మికుడు అధికారికి పంపుట మరియొకటి. మొదటిది తెరచి రెండవది మూసినచో, గని పైకప్పున నెర్రె కనబడినదను కార్మికుని మాట అధికారి పెట్టెకు చేరదు. ఏ గడినైనను మూయుటకు ముందు, దానిగుండా రావలసిన వార్త యేదో యోచింపవలెను.